సీసాలోకి రాని డీజిల్

తొమ్మిదేళ్లుగా ఒక రబ్బరు ముక్కను దాచుకున్నాను. బొటనవేలంత ఉంటుంది. ఎండి గట్టిపడింది, ఒక చివర చీలి ఉంది. పాత బోల్టులు వేసే రేకు డబ్బాలో అడుగున పెట్టాను. ఈ మధ్యలో షెడ్డు రెండుసార్లు మారింది. డబ్బా నాతోనే వచ్చింది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. అయినా ఇన్నేళ్లూ నేను మోసింది దాన్నే.

పారేస్తే పోయేది కదా అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. పారేస్తే ఇక ఎవరికీ ఏమీ తెలియదు, జరిగింది జరగనట్టే అయిపోతుంది. అంత పని చేయడానికి ధైర్యం చాలలేదు. నిజం చెప్పడానికీ చాలలేదు. ఈ రెండింటి మధ్య ఆ డబ్బా అలా ఉండిపోయింది.

నా పేరు చెప్పను. మరిపెడలో డీజిల్ బండ్లు బాగుచేసేవాణ్ణి. మా ఇంట్లో దక్కనీ, షెడ్డులో తెలుగు. బడిలో నేర్చింది తెలుగే కాబట్టి ఇది తెలుగులో రాస్తున్నాను. జనం నన్ను ఉస్తాద్ అంటారు. ఆ పిలుపంటే నాకు ఇష్టం. ఎంత ఇష్టమో ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే నా తప్పు అక్కడినుంచే మొదలైంది.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ ఏడు హజ్‌కు నా పేరు వచ్చింది. మా వాళ్లలో హజ్‌కు వెళ్లేముందు ఒక పద్ధతి ఉంది. బంధువులు, ఇరుగుపొరుగు, కలిసి పనిచేసినవాళ్లు, ఎప్పుడో మాటామాటా అనుకున్నవాళ్లు, అందరి ఇళ్లకూ వెళ్లి ‘కహా సునా మాఫ్ కరో’ అని అడగాలి. నేను అన్నదీ మీరు విన్నదీ క్షమించండి అని. దేవుడి పట్ల చేసిన తప్పుకు దేవుణ్ణి వేడుకోవచ్చు. మనిషికి చేసిన తప్పును మాత్రం ఆ మనిషే మాఫ్ చేయాలి, పైవాడు కూడా మధ్యలో కలగజేసుకోడని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. అందుకే ఈ తిరుగుడు.

తిరిగాను. అందరూ సులువుగానే మాఫ్ అన్నారు. చాయ్ తాగించారు. ఒకాయన, నా బండి గేరుబాక్సు పాడుచేసింది తప్ప నువ్వు నాకు చేసిన అన్యాయం ఏమీ లేదని నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ నా మనసులో ఒక పేరుంది. దాన్ని చివరికి ఉంచుకున్నాను. చివరికి ఉంచుకోవడం అంటే ఏమిటో మీకు తెలుసు. తప్పించుకోవడమే.

ఆ పేరు లచ్చిరాం.

దంతాలపల్లి దగ్గర తండా అతనిది. మరిపెడలో మిర్చి వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర డ్రైవరు. సేటుది ఏడు సీట్ల డీజిల్ బండి. పాత రకం, ఎత్తుగా ఉండేది, మట్టిదారిలోనూ గట్టిగా నడిచేది. లచ్చిరాం దాన్ని ఆరేళ్లు నడిపాడు. అతను నడుపుతుంటే చేతిలో చాయ్ గ్లాసు ఒలకదని సేటే చెప్పుకునేవాడు. తండాలో ఎవరికైనా నొప్పులొస్తే సేటుకు ఒక్క ఫోను చేసి, అదే బండిలో దవాఖానకు తీసుకుపోయేవాడు. మాట మెత్తన. సీటు మీద ఎప్పుడూ ఉతికిన తువ్వాల పరుచుకునేవాడు. అతనికి తెలిసిన పని అదొక్కటే, దాన్ని బాగా చేసేవాడు.

తొమ్మిదేళ్ల కింద ఎండాకాలంలో బండి మైలేజీ పడిపోయింది. లీటరుకు పద్నాలుగు ఇచ్చేది పన్నెండుకు దిగింది. ఒక్కో వారం పదకొండున్నర. పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ రోజూ కొడకండ్ల, మహబూబాబాద్, ఖమ్మం తిరిగే బండికి అది పెద్దదే. సేటు, లచ్చిరాం కలిసే నా షెడ్డుకు వచ్చారు.

నేను చేయాల్సినవన్నీ చేశాను. ఆ మాట ఇప్పటికీ అనగలను. గాలి ఫిల్టరు విప్పి దులిపాను, అది బాగానే ఉంది. టైర్లలో గాలి చూశాను. జాకీతో లేపి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పాను, బ్రేకు ఎక్కడైనా పట్టేస్తే ఇంజను దానితో కొట్లాడుతూ డీజిల్ తాగుతుంది. నాలుగూ తేలిగ్గా తిరిగాయి. క్లచ్చు జారడం లేదు. పొగ నల్లగా లేదు. ఇంజెక్టర్లు విప్పి మహబూబాబాద్‌లో ఇంజెక్టర్లు, డీజిల్ పంపులు బాగుచేసే ఒకతని దగ్గరికి పంపాను, చిమ్మడం సరిగ్గా ఉందని చెప్పాడు. సాయంత్రం బండి కింద అట్టలు పరిచాను. పొద్దున చూస్తే అట్టల మీద చుక్క లేదు. కాబట్టి కారడం లేదని తేల్చాను.

అప్పుడు లచ్చిరాం ఒక మాట అన్నాడు.

“ఉస్తాద్, నడుస్తున్నప్పుడు జర డీజిల్ వాసన కొడుతున్నది.”

“డీజిల్ బండికి అత్తరు వాసన వస్తదా తమ్మీ?” అన్నాను.

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వుతో ఆ మాట అక్కడే అయిపోయింది. పని తెలిసిన మనిషి బండి గురించి ఒక సంగతి చెబితే వినాలి. నేను జోకు వేశాను. ఆ జోకు బాగా పేలిందని ఆ సాయంత్రం మా ఆవిడకు కూడా చెప్పాను.

బండిలో ఏ లోపమూ లేదని ఉస్తాద్ అన్నాక మిగిలేది మనిషే కదా? ఎవరూ పైకి అనలేదు మొదట్లో. తరవాత డ్రైవర్లు కూర్చునే అడ్డాలో గుసగుసలు మొదలయ్యాయి. లచ్చిరాం బట్టలు డీజిల్ వాసన కొడుతున్నాయని ఒకడు అన్నాడు. అది నిజమే. కొట్టేవి. బండి దిగి వెనక తలుపు తీసి సామాను దించే మనిషి బట్టలకు ఆ వాసన ఎందుకు పడుతుందో నేనొక్కణ్ణైనా ఆలోచించి ఉండాల్సింది. సేటు చెడ్డవాడు కాదు. కొన్ని వారాలు ఆగాడు. ఇంట్లో మనిషిలా చూసుకున్నవాణ్ణి దొంగ అనడానికి నోరు రాలేదు. చివరికి లచ్చిరామే ముందుకొచ్చాడు. ఉస్తాద్ చేత సీసా పెట్టిద్దాం సేటూ, ఆయన చేతి మీద నాకు నమ్మకం ఉందని అన్నాడట.

సీసా పెట్టడమంటే చెబుతాను. డీజిల్ బండిలో రెండు పైపులుంటాయి. ఒకటి ట్యాంకు నుంచి ఇంజనుకు డీజిల్ తెస్తుంది. ఇంజను కావలసినంత తాగి మిగిలింది వెనక్కి పంపుతుంది. ఆ మిగులును రెండో పైపు మళ్లీ ట్యాంకులో పోస్తుంది. బండి నిజంగా ఎంత తాగుతుందో తెలియాలంటే ట్యాంకును పక్కన పెట్టాలి. కొలిచిన డీజిల్‌తో ఒక సీసాను బానెట్టు కింద వేలాడదీసి, రెండు పైపులనూ ఇంజను దగ్గరే విప్పి సీసాలోకి కలపాలి. సీసా ఖాళీ అయి బండి ఆగేదాకా నడపాలి. ఎన్ని కిలోమీటర్లు నడిచిందో మీటరు చెబుతుంది. లీటరుకు పన్నెండే వస్తే తప్పు బండిది, పద్నాలుగు వస్తే ట్యాంకులోంచి ఎవరో తీస్తున్నట్టు. మధ్యలో ఎవరూ దొంగిలించలేరు, అందరి కళ్ల ముందే ఉంటుంది. అందుకే అంత నమ్మకం.

పొద్దున అడ్డా దగ్గరే సీసా కట్టాను. డ్రైవర్లు, మిర్చి యార్డు హమాలీలు, చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు, పాతికమంది దాకా చుట్టూ నిలబడ్డారు. నేను మూత బిగించి, అందరికీ సీసా ఎత్తి చూపించాను. గారడీ చేసేవాడిలా చూపించాను. నాకు ఆ క్షణం ఎంత బాగుందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒక మనిషి అన్నం అక్కడ వేలాడుతోంది, నేను చప్పట్ల కోసం చూశాను.

లచ్చిరాం నడిపాడు. నేను పక్కన. వెనక సేటు, సాక్షిగా ఇంకో డ్రైవరు. దంతాలపల్లి దారి పట్టాం. లచ్చిరాం మామూలుగానే నడిపాడు, కావాలని గేరు పట్టి లాగలేదు, యాక్సిలరేటరు తొక్కలేదు. దొంగ అయితే అలా తొక్కి డీజిల్ తాగించేవాడే. అది కూడా నేను చూశాను. చూసి ఊరుకున్నాను. ఒక మిర్చి చేను పక్కన ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దిగి బానెట్టు ఎత్తాను. సీసా ఖాళీ. మీటరు చూశాను. లీటరుకు పద్నాలుగు పైనే.

సేటు ముఖం తిప్పుకున్నాడు. లచ్చిరాం సీసాను చూశాడు, తరవాత నన్ను చూశాడు.

“ఉస్తాద్, ఇంకోసారి సూడరాదు? ఏదో ఉన్నది. నేను తియ్యలే.”

“సీసా అబద్ధం చెప్పది తమ్మీ.”

“నువ్వు చెప్తున్నవా, సీసా చెప్తున్నదా?”

“నేను చెప్పేదేమున్నది? కండ్లముందట్నే ఉన్నది గదా.”

అతను తాళంచెవి సేటు చేతికి ఇవ్వబోయాడు. సేటు చెయ్యి చాపలేదు. లచ్చిరాం దాన్ని డ్రైవరు సీటు మీద పెట్టాడు. క్యానులో తెచ్చిన డీజిల్ సీసాలో పోసి మళ్లీ స్టార్టు చేశాం. వచ్చేటప్పుడు ఆ ఇంకో డ్రైవరు నడిపాడు. లచ్చిరాం వెనక సీట్లో కూర్చున్నాడు. ఆరేళ్లలో ఆ బండిలో అతను వెనక కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

షెడ్డు దగ్గర దిగి తన తువ్వాల తీసుకున్నాడు. మడిచి భుజాన వేసుకున్నాడు. రోడ్డు దాటి అవతల బస్సు కోసం నిలబడ్డాడు. సేటు తలపట్టుకుని నా షెడ్డు ముందున్న చాయ్ కొట్టులో కూర్చున్నాడు. నేను సీసా విప్పి రెండు పైపులనూ మళ్లీ ట్యాంకు దారిలో కలిపాను. పైపుల్లో గాలి పోవాలని ఇంజను స్టార్టు చేసి వదిలాను.

వాసన వచ్చింది.

అదే వాసన. ఈసారి జోకు రాలేదు. బండి కిందికి దూరాను. ట్యాంకు కింద రాళ్లు తగలకుండా ఒక రేకు పళ్లెం ఉంటుంది. దాని అంచు తడిగా ఉంది. ట్యాంకుకూ బండి అడుగుకూ మధ్య చెయ్యి పట్టేంత సందు. చెయ్యి పైకి పెట్టాను. ట్యాంకు పైన మట్టి పేరుకుని, తడిసి, కలిపిన పిండిలా మెత్తగా తగిలింది. వేళ్లు జరిపాను. మిగులు పైపు ట్యాంకులోకి దిగే చోట చీలి ఉంది. ఇంజను నడుస్తున్నంతసేపూ ఆ చీలికలోంచి డీజిల్ చిమ్ముతోంది. ఇంజను ఆపితే ఆగిపోతుంది. అందుకే రాత్రంతా పరిచిన అట్టల మీద చుక్క పడలేదు. నేను బండిని ఆపి కారడం వెతికాను. అది నడిచేటప్పుడు మాత్రమే కారుతుంది.

సీసా అబద్ధం చెప్పలేదు. అది నేను అడిగినదానికే జవాబు చెప్పింది. ట్యాంకును పక్కన పెట్టి పరీక్ష చేశాను. తప్పంతా ట్యాంకు మీదే ఉంది.

ఇక్కడ ఆగాను. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది.

బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. చెయ్యి మణికట్టు దాకా డీజిల్. తల పక్కకు తిప్పితే రెండు చక్రాల మధ్యనుంచి రోడ్డు అవతలి వైపు కనిపిస్తోంది. మోకాళ్ల దాకానే కనిపిస్తోంది. అక్కడ రబ్బరు చెప్పులు వేసుకున్న రెండు పాదాలు. లచ్చిరాం పాదాలు. బస్సు ఇంకా రాలేదు.

ఒక్క కేక చాలు. లేదా బయటికి వచ్చి చెయ్యి చూపిస్తే చాలు. సేటు పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఇద్దరినీ పిలిచి పైపు చూపించి, తప్పయిపోయిందంటే అయిపోయేది. సేటు ఏడ్చేవాడేమో. లచ్చిరాం మాత్రం నవ్వేసేవాడు. అతని సంగతి నాకు తెలుసు. నవ్వేసి, చెప్పిన గదా ఉస్తాద్, వాసన కొడుతున్నదని, అనేవాడు.

ఆ మాటే నన్ను ఆపింది. చెప్పిన గదా అనే మాట. పాతికమంది ముందు సీసా ఎత్తి చూపించినవాణ్ణి. ఆ జోకు వేసినవాణ్ణి. సాయంత్రానికి అడ్డాలో నవ్వులపాలవుతాను. ఉస్తాద్ అన్న పిలుపును ఇక కొంటెగా అంటారు. ఒకసారి బయటికి వచ్చి ఇంజను ఆపి, మళ్లీ కిందికే దూరాను. కాసేపు ఆలోచిద్దామనుకున్నాను. అంతే అనుకున్నాను. పాదాలు ఒకసారి అటు కదిలాయి, ఇటు కదిలాయి. ఎండకు కాళ్లు కాలుతున్నాయేమో. ఎంతసేపు చూశాను? పది నిమిషాలు, పదిహేను. అంత సమయం దొరికింది నాకు. బస్సు వెంటనే వచ్చి ఉంటే ఆలోచించే లోపే వెళ్లిపోయాడని చెప్పుకునేవాణ్ణి. బస్సు కూడా నాకు ఆ సాకు మిగల్చలేదు.

ఆలోచిస్తున్నాననుకుంటూనే చేతులు పనిచేశాయి. బ్లేడుతో చీలిన ముక్క కోశాను. మిగిలిన పైపు లాగి ట్యాంకు మూతికి తొడిగి కొత్త క్లిప్పు బిగించాను. ముక్కను జేబులో వేసుకున్నాను. మట్టి తుడిచాను. అప్పుడు బస్సు వచ్చింది. చక్రాలు ఆ పాదాలకు అడ్డంగా ఆగాయి. కదిలాక చూస్తే అక్కడ పాదాలు లేవు.

తరవాతి నెలలో ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించే ఉంటారు. కొత్త డ్రైవరు వచ్చాడు. మైలేజీ పద్నాలుగుకు ఎక్కింది. ఇంకేం కావాలి? లచ్చిరాం ఉన్నప్పుడు పన్నెండు, పోయాక పద్నాలుగు. అప్పటిదాకా అనుమానం ఉన్నవాళ్లు కూడా నోరు మూసుకున్నారు. నేను దొంగచాటుగా బిగించిన క్లిప్పు అతని మీద సాక్ష్యమైంది. సేటు మామిడిపళ్ల బుట్ట తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నీ సీసా నిజం చెప్పిందని నా చెయ్యి పట్టుకున్నాడు. పిల్లలు ఆ పళ్లు తిన్నారు. నేనూ ఒకటి తిన్నాను. తినకపోతే మా ఆవిడ ఎందుకని అడిగేది.

లచ్చిరాంకు మళ్లీ స్టీరింగు దొరకలేదు. మరిపెడలో దొరకలేదు, దంతాలపల్లిలో దొరకలేదు. కొడకండ్లలో ఒక ట్రాక్టరు ఆసామి రమ్మన్నాడట, రెండు రోజుల్లో ఎవరో ఫోను చేసి చెప్పారు, మూడో రోజు వద్దన్నాడు. తండా పెద్దమనుషులు కూర్చోబెట్టి అడిగారని విన్నాను. ఏం చెప్పాడో తెలియదు. తరవాత భూపాలపల్లి వైపు వెళ్లిపోయాడన్నారు. ఆ మాట విన్నరోజు నాకు ఊరటగా అనిపించింది. దాచను. రోడ్డు మీద ఎదురుపడడు కదా అనుకున్నాను.

పోయిన నెల రెండు బస్సులు మారి భూపాలపల్లి వెళ్లాను. అక్కడ ఎక్కడ పనిచేస్తున్నాడో తండాలో ఉన్న అతని చిన్నాయన చెప్పాడు. లచ్చిరాం బొగ్గు లారీల మీద టార్పాలిన్లు కడుతున్నాడు. లారీ నిండగానే పైకెక్కి, బొగ్గు మీద నడుస్తూ పరిచి, తాళ్లు లాగి కడతాడు. డ్రైవరు కింద నిలబడి తొందర చేస్తుంటాడు. కట్టడం అయిపోయాక దిగి పక్కకు జరుగుతాడు. లారీ అతని ముందునుంచే వెళ్లిపోతుంది. నేను వెళ్లేసరికి అతను పైనున్నాడు. నన్ను చూసి పైనుంచే నవ్వాడు. జుట్టు సగం నెరిసింది.

ఇంటికి తీసుకెళ్లాడు. అతని భార్య నీళ్లిచ్చి, చాయ్ పెట్టింది. వెంటనే లోపలికి పోయింది. ఆమెకు నేనెవరో తెలుసు. హజ్‌కు పోతున్నానని చెప్పాను. దారి పొడుగునా బస్సులో మాటలు పేర్చుకున్నాను. లచ్చిరాం, ఆ పైపు పగిలి ఉంది. నేను చూశాను. చూసి దాచాను. మూడే మాటలు. నోరు తెరిచాను.

“కహా సునా మాఫ్ జెయ్యి తమ్మీ,” అన్నాను.

అదొక్కటే వచ్చింది. అందరి దగ్గరా అన్న మాటే.

“అయ్యో, మాఫ్ ఏంది ఉస్తాద్? నువ్వు నాకేం జేసినవ్? సీసా పెట్టుమన్నది నేనే గదా,” అన్నాడు. “ఒక్కోపారి నాకే అనుమానమైతది. సీసా తప్పు చెప్పది, నువ్వు తప్పు చెప్పవు. మరి డీజిల్ ఎటు పోయింది? నాకు తెల్వకుంట నేనే తీసిన్నా అని ఆలోచన జేస్త.”

నేను ఏమన్నాను? చాయ్ తాగాను.

“మాఫే ఉస్తాద్. మంచిగ పోయి రా. గక్కడ మా పిల్లల కోసం గూడ దువా చెయ్యి,” అన్నాడు. లేచి గూట్లోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో డ్రైవింగ్ లైసెన్సు. “రెన్యువల్ చేపిస్తనే ఉన్న. మరిపెడల ఎవలన్న బండికి మనిషి కావాల్నంటే జర నా పేరు చెప్పరాదు? నీ మాటకు ఇలువ ఉన్నది.”

“చూస్త తమ్మీ,” అన్నాను.

వాకిలి దాకా వచ్చి సాగనంపాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కలు వేసుకున్నాను. మాఫ్ అన్నాడు కదా. నోటితో అన్నాడు కదా. చెల్లుతుంది కదా? పరకాల దాటేదాకా నన్ను నేను నమ్మించుకున్నాను. తరవాత చేతకాలేదు. ఏ తప్పో చెప్పకుండా తీసుకున్న మాఫీ ఏం మాఫీ? తొమ్మిదేళ్ల కింద అతని పేరు పోగొట్టాను. ఇప్పుడు అతని ఇంట్లో కూర్చుని, అతని చాయ్ తాగి, మాఫీని కూడా దొంగిలించుకొచ్చాను. అతను తనను తానే అనుమానిస్తున్నాడు. దొంగ అన్న మాట ఊళ్లో ఎప్పుడో పాతబడింది, అతని లోపల మాత్రం ఇంకా నడుస్తోంది. ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి. గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

ఇప్పటిదాకా రాసింది మళ్లీ చదువుకున్నాను. మీ దగ్గర కూడా ఒకటి దాచాను.

నవ్వులపాలవుతానని భయపడ్డానన్నాను. అది నిజమే, కానీ సగమే. పైపు చీలి ఉందని రాశాను. ఎందుకు చీలిందో రాయలేదు. మైలేజీ పడిపోవడానికి మూడు నెలల ముందు అదే బండి నా దగ్గరకు వచ్చింది. ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూపించే ముల్లు కదలడం లేదని. ట్యాంకు దించి, బాగుచేసి, మళ్లీ ఎక్కించాను. మిగులు పైపుకు పెట్టాల్సిన క్లిప్పు ఎక్కడో పడిపోయింది. కొత్తది తేవాలంటే బజారుకు పోవాలి. సెంట్రింగు పనివాళ్లు ఇనుప చువ్వలకు కట్టే సన్నతీగ షెడ్డులో ఉంది. దాన్ని రెండు చుట్లు చుట్టి ప్లాయరుతో మెలిపెట్టాను. మేమంతా అలాగే చేస్తాం. నూటికి తొంభైసార్లు ఏమీ కాదు. ఆ బండి మట్టిదారుల్లో అదిరి అదిరి, తీగ రబ్బరును కొంచెం కొంచెంగా కోసింది.

బండి కింద చెయ్యి పెట్టినప్పుడు మొదట తగిలింది చీలిక కాదు. తీగ. నా మెలిక నాకు తెలియదా? ఎడమచేతి వాటంతో తిప్పుతాను, ఈ చుట్టుపక్కల ఇంకెవరూ అలా తిప్పరు. డీజిల్‌ను ఎవరు పోగొట్టారో ఆ క్షణంలోనే తెలిసింది. అక్కడ పడుకుని నేను ఆలోచిస్తున్నానని రాసిందంతా అబద్ధం కాదు, కానీ ఆలోచించడానికి ఏమీ లేదు. దొంగ ఎవరని అందరూ వెతుకుతున్నారు. నేను దొరికాను. నాకు నేనే దొరికి, నన్ను నేనే వదిలేశాను. అవతల నిలబడ్డవాణ్ణి పోనిచ్చాను.

సీసా పెట్టడం నేను మానలేదు. ఆ తరవాత చాలామంది ఓనర్లు తమ డ్రైవర్లను వెంటబెట్టుకుని వచ్చారు. సీసా కట్టే ముందు ప్రతిసారీ ఇంజను నడుస్తుండగా ట్యాంకు పైన చెయ్యి పెట్టి చూస్తాను. ఎందుకలా చూస్తావని అడిగితే అదొక అలవాటని చెబుతాను. జాగ్రత్త గల మనిషినని మెచ్చుకుంటారు. లచ్చిరాం తరవాత ఏ డ్రైవరుకూ నా వల్ల అన్యాయం జరగలేదు. అది చెప్పుకుని చాలా ఏళ్లు నిద్రపోయాను. వేరేవాళ్లకు చేయని అన్యాయం అతనికి చేసినదానికి జమ అవుతుందా? కాదు. నాకు తెలుసు.

హజ్ లిస్టులోంచి పేరు వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటానో లేదో తెలియదు. సంచీ కొన్నాం, మా ఆవిడ తెల్లబట్టలు ఉతికి మడిచి పెట్టింది. ఆమెకు ఈ సంగతి తెలియదు. మళ్లీ భూపాలపల్లి వెళ్తానా? వెళ్తే ఈసారి నోరు పెగులుతుందా? వెళ్తాననే అనుకుంటున్నాను. కానీ నా అనుకోవడాల మీద నాకే నమ్మకం లేదు, మీకు ఎలా చెప్పను? సేటు ఉన్నాడు, అడ్డా ఉంది, అక్కడ చాయ్ తాగుతున్న డ్రైవర్ల మాటలు షెడ్డులోకి వినిపిస్తున్నాయి. నాలుగు అడుగులు వేస్తే చాలు. ఆ రోజు కూడా అంతే దూరం.

మాఫ్ చేయమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. అతను మాఫ్ అన్నాడని కూడా ఇక చెప్పుకోను. డబ్బా బోర్లించి రబ్బరు ముక్క తీసి ఈ కాగితం పక్కన పెట్టాను. వంచితే చీలిక నోరు తెరుస్తుంది. దాని చుట్టూ తీగ కోసిన గీత ఇప్పటికీ ఉంది.

షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. అయినా రాసినదాంట్లో ఒక్క మాటను గొంతెత్తి చదివాను. అవతల చాయ్ కొట్టులో వాళ్లకు వినపడేంత గట్టిగా కాదు. నాకు వినపడేంత.

లచ్చిరాం డీజిల్ తియ్యలేదు.

తొమ్మిదేళ్లలో నా నోటినుంచి ఆ మాట రావడం ఇదే మొదటిసారి.